గీతలో టీ ఎక్కడుంది

పద్మనాభానికి రాయి దొరికింది. అతని కష్టమంతా అక్కడే మొదలైంది.

రాయంటే దారిలో కాలికి తగిలే రాయి కాదు. అంగారకుడికీ గురుడికీ మధ్య సూర్యుడి చుట్టూ తిరిగే రాళ్ళు వేలకు వేలున్నాయి. చదువుకున్నవాళ్ళు వాటిని గ్రహశకలాలంటారు. మా కొండమీద దస్తగీరు సారు మాత్రం రాళ్ళనే అనేవారు. "పేరు పెద్దదైతే వస్తువు దూరమైపోతాది" అనేవారు.

మా కొండమీద ఒక గుమ్మటం, అందులో ఆకాశాన్ని ఫోటో తీసే దుర్భిణి, గాజు ప్లేట్లు దాచే గది, మనుషులు పడుకునే నాలుగు గదుల ఇల్లు, బండలు పరిచిన వాకిలి, నా వంటిల్లు. ఊరంటే అంతే. దానికి పెద్ద దస్తగీరు సారు. పద్మనాభం ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి బందరు నుంచి వచ్చిన శిష్యుడు. యూనివర్సిటీలో బంగారు పతకం తెచ్చుకున్నాడు. వచ్చిన రోజే ఆ సంగతి చెప్పాడు. ఎవరూ అడగలేదు.

రాయిని పట్టే పద్ధతి చెబుతాను. అది తెలియకపోతే ఈ కథ లేదు.

దుర్భిణి నక్షత్రాల వెంట నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. గాజు ప్లేటు మీద గంటసేపు వెలుగు పడనిస్తారు. తర్వాత మందునీళ్ళలో కడిగి చూస్తే ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా వస్తాయి. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి గనక అవి చుక్కలు. రాయి ఆ గంటలో కొంచెం నడుస్తుంది గనక అది గీత. చుక్కల మధ్య చిన్న గీత కనబడిందంటే అది రాయి.

సారుకు ఇంకొక అలవాటుంది. గంటలో ముప్పాతిక భాగం అయ్యాక దుర్భిణికి మూత పెట్టేసి, బయటికి వచ్చి, అరుగు మీద కూర్చుని నేనిచ్చిన టీ తాగేవారు. తొందరేమీ ఉండదు. గ్లాసు ఖాళీ అయ్యాక పోయి మూత తీసేవారు. మిగిలిన కాసేపు మళ్ళీ వెలుగు పడేది. అందుకని సారు ప్లేట్లలో రాయి గీత ఒకే గీతగా ఉండదు. ముందు పొడుగు ముక్క, తర్వాత ఖాళీ, తర్వాత పొట్టి ముక్క. పొట్టి ముక్క ఎటుంటే రాయి అటు పోతున్నట్టు. ఆ ఖాళీని కొండమీద అందరం "సారు టీ" అనేవాళ్ళం.

పద్మనాభానికి ఇది నచ్చలేదు.

"ముసలాయన టీ కోసం ఆకాశానికి మూత పెడతాడండీ" అన్నాడు ఒకరోజు. ఎక్కడ కూర్చుని అన్నాడు? నా వంటింటి గడప మీద. ఏం చేస్తూ అన్నాడు? నేను పెట్టిన టీ తాగుతూ.

"ఎందుకు పెడతారో సారునే అడగరాదా?" అన్నాను.

"అడిగేదేముంది ఓబులమ్మగారూ! ఏ కొస ముందో తెలియడానికి. రెండో రోజు ఇంకో ప్లేటు తీసుకుంటే అదే తెలుస్తుంది కదా. దానికోసం ఇవాళ్టి వెలుగు పోగొట్టుకుంటారా ఎవరైనా? మసక రాళ్ళు అసలు పడనే పడవు."

అతను కొండెక్కాక నేర్చుకున్న మంచి మాట ఒక్క "గారూ"నే. అందుకని ఊరుకున్నాను.

కార్తీకంలో సారు కంటి ఆపరేషనుకు కర్నూలు పోయారు. జీపు ఎక్కుతూ పద్మనాభంతో అన్నారు: "ప్లేట్లు తీస్తా ఉండు. టీ మానొద్దప్పా."

పద్మనాభం నవ్వి తల ఊపాడు.

సారు, సారులాంటి వాళ్ళందరూ రాళ్ళను సూర్యుడికి ఎదురుగా ఉన్న ఆకాశంలో వెతుకుతారు. అక్కడ అవి బాగా వెలుగుతాయి. పద్మనాభం అలా చేయలేదు. అందరూ వెతికేచోట మిగిలేదేముందని, సారు పోయిన సాయంత్రమే దుర్భిణిని పడమటికి తిప్పాడు. పొద్దు గుంకి, దీపాలు పెట్టే వేళ దాటింది. ఆ పక్కకు మా కొండమీద ఎవరూ ప్లేటు తీసి ఎరగరు.

ముప్పాతిక గంట గడిచిందని టీ తీసుకుపోయాను. అరుగు మీద ఎవరూ లేరు. గుమ్మటం తలుపు దగ్గర నిలబడి పిలిచాను.

"ఇప్పుడు కాదండీ. తీసుకుపోండి" అని లోపలి నుంచి అన్నాడు.

"మూత పెట్టరా?"

"ఇవాళ ఆకాశానికి సెలవు లేదు!"

నిండు గ్లాసు వెనక్కి తెచ్చాను. ఆ కొండెక్కినప్పటి నుంచి నా గ్లాసు నిండుగా వెనక్కి రావడం అదే మొదలు. ఆ సంగతి నేను మరచిపోలేదు. మరచిపోను కూడా.

మర్నాడు మధ్యాహ్నం ప్లేట్ల గదిలోంచి కేక వినబడింది. ఏ తేలో కుట్టిందని పరుగెత్తాను. ప్లేటును కిటికీ వెలుగుకు పట్టుకుని, భూతద్దం పెట్టుకుని, నిలబడలేక నిలబడి ఉన్నాడు.

"చూడండి ఓబులమ్మగారూ, చూడండి!"

చూశాను. మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు. వాటి మధ్య కనురెప్ప వెంట్రుక రాలి పడినట్టు సన్నని గీత.

"ఎంత నిండుగా ఉందో చూశారా? మధ్యలో ఎక్కడా తెగలేదు" అన్నాడు.

తెలిసిన రాళ్ళ లెక్కలన్నీ తీసి చూశాడు. ఆ చోట ఉండాల్సిన రాయి ఏదీ లేదు. కొత్తది. ఇంకా ఎవరూ చూడనిది.

ఆ సాయంత్రం ఇంకో ప్లేటు తీయాలి. రెండు ప్లేట్లుంటే రాయి ఎటు పోతోందో తెలిసిపోతుంది. సాయంత్రానికి తుఫాను మబ్బు కమ్మింది. మరుసటి రోజూ మబ్బే. ఆ మరుసటి రోజు వాన. పద్మనాభం గొడుగు పట్టుకుని వాకిట్లో నిలబడి ఆకాశాన్ని తిట్టాడు. బందరు తిట్లు మెత్తగా ఉంటాయి. ఆకాశం లెక్కచేయలేదు.

ఆగలేకపోయాడు. కొత్త రాయి కనబడితే తెలపడానికి విదేశంలో ఒక ఆఫీసుంది. ఎక్కడ కనబడింది, ఎటు పోతోంది అని తంతి కొడితే, వాళ్ళు దేశదేశాల్లో ఉన్న దుర్భిణుల వాళ్ళకు చెబుతారు. వాళ్ళూ చూసి ఔనంటే అప్పుడది నిలుస్తుంది.

ఎక్కడ కనబడిందో ప్లేటులో ఉంది. ఎటు పోతోంది?

గీతకు రెండు కొసలు. ఒకటి తూర్పుకు, ఒకటి పడమటికి. పద్మనాభం కొండెక్కినప్పటి నుంచి చూసిన ప్లేట్లన్నిటిలో రాళ్ళు పడమటికే నడిచాయి. "ఇవెప్పుడూ పడమటికేనండీ" అన్నాడు. అలాగే రాసుకుని, వానలో కింద ఊరికి దిగి, తంతి కొట్టి వచ్చాడు. సారు వచ్చేదాకా ఉండమని నేను చెప్పలేదు. నన్నెవరు అడిగారు?

నాలుగు రోజులకు ఒక పేపరతను బురదలో పడుతూ లేస్తూ కొండెక్కి వచ్చాడు. పద్మనాభాన్ని దుర్భిణి పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు.

"రాయి పడమటికి పోవడమేమిటి సార్? అన్నీ ఒకవైపే తిరుగుతాయంటారు గదా?" అని అడిగాడు పేపరతను.

పద్మనాభం ఉషారుగా చెప్పాడు: "బస్సులో పోతున్నారనుకోండి. ముందర ఎద్దులబండి పోతోంది. మీ బస్సు దాన్ని దాటేటప్పుడు బండి వెనక్కి పోతున్నట్టు అనిపించదూ? మన భూమి బస్సు. రాయి బండి. దాటేటప్పుడు రాయి వెనక్కి, అంటే పడమటికి, పోయినట్టు కనబడుతుంది."

"దాటకముందు? దాటిపోయాక?"

"అప్పుడు మామూలే. బండి తన దారిన ముందుకే పోతున్నట్టు ఉంటుంది."

పేపరతను తల ఊపుతూ రాసుకున్నాడు. చెప్పినవాడు విన్నాడో లేదో తెలియదు.

"పేరేం పెడతారు సార్?"

అప్పటిదాకా గలగలా మాట్లాడిన పద్మనాభం గొంతు తగ్గించాడు.

"మాణిక్యం" అన్నాడు. "మా అక్క పేరు."

తల్లి పోతే ఆ అక్కే అతన్ని పెంచింది. జాకెట్లు కుట్టి చదివించింది. ఆ సంగతి ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. బంగారు పతకం సంగతి అడగకుండానే చెప్పినవాడు, ఇది మాత్రం ఆ రోజు నా వంటింటి గడప మీద కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పాడు.

పేపరులో వచ్చింది. "బందరు యువకుడికి చిక్కిన కొత్త గ్రహం" అని. రాయిని గ్రహం చేశాడు. సారు పేరు చివర్లో వేశాడు, అదీ తప్పుగా. టీ మాత్రం రెండుసార్లు తాగాడు. ఆ పేపరు పేరు నాకు గుర్తుంది. ఇప్పటికీ అందులో పొట్లం కట్టి ఇస్తే సరుకు తీసుకోను.

వారానికి బందరు నుంచి పార్శిలు వచ్చింది. మాణిక్యమ్మ పంపిన లడ్లు. వీధి వీధంతా పంచిందట. "ఆకాశంలో నా పేరుంటుందంట" అని బడిపిల్లలకు కూడా పిలిచి పెట్టిందట. లడ్లు తెచ్చిన బందరు మనిషి చెప్పాడు.

మబ్బు విడిచింది.

పద్మనాభం సాయంత్రం కాకముందే గుమ్మటం తెరిచాడు. రాయి పడమటికి ఇన్ని రోజులు నడిచి ఉంటే ఇక్కడుండాలి అని లెక్క వేసి, అక్కడికి తిప్పి ప్లేటు తీశాడు. లేదు. కొంచెం పక్కకు తీశాడు. లేదు. ఇంకా పడమటికి తీశాడు. లేదు. ప్లేట్లలో లోపముందన్నాడు. దుర్భిణి బిగువు తప్పిందన్నాడు. తంతికి జవాబు వచ్చింది: మీరు చెప్పిన చోట ఎవరికీ కనబడలేదు.

అసలు భయం అది కాదు. ఆ భాగపు ఆకాశం సాయంత్రం సాయంత్రానికి కిందికి జారుతోంది. ఇంకొన్నాళ్ళకు సూర్యుడి వెలుగులో మునిగిపోతుంది. రాయి కూడా మునిగిపోతుంది. నెలల తర్వాత అటు పక్క తేలినప్పుడు ఎక్కడ తేలుతుందో చెప్పే లెక్క ఎవరి దగ్గరా ఉండదు. అప్పుడెవరికి కనబడితే వాళ్ళది. పేరు కూడా వాళ్ళిష్టం.

అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. లడ్ల డబ్బా నా వంటింట్లోకి తెచ్చి, కనబడకుండా పై అలమరలో పెట్టమన్నాడు.

సారు వచ్చారు. ఒక కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది. రెండో కంటికి చూపు ఏనాడూ అంతంత మాత్రమే. ఇల్లంతా చేత్తో తడుముకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పద్మనాభం ఎదురుగా నిలబడ్డాడు.

"సారూ, నాకొక రాయి దొరికింది. ఇప్పుడు కనబడడం లేదు."

"దొరికిందా, కనబడిందా?"



"కనబడింది" అన్నాడు.

"ప్లేటు తే."

"మీ కన్ను..."

"నా కన్నుతో పనేముంది? నువ్వే చూసి చెప్పు. గీతలో టీ ఎక్కడుంది?"

పద్మనాభం ప్లేటు తేవడానికి కదలలేదు.

"తాగలేదు సారూ."

"ఊఁ."

"వెలుగు పోతుందని... రాయి మసక సారూ. మర్నాడు ఇంకో ప్లేటు తీద్దామనుకున్నాను. మబ్బు పట్టింది. అయినా అవి పడమటికే కదా సారూ పోయేది? తంతి కూడా కొట్టేశాను. పేపర్లో పడింది. మా అక్క..."

మిగతాది నేనే చెప్పాను. "లడ్లు పంచింది సారూ వాళ్ళక్క. మనకూ పంపింది."

తిడతారనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. పద్మనాభమూ తిట్టు కోసమే తల వంచుకుని ఉన్నట్టున్నాడు. సారు చెయ్యి చాచారు. ఒక లడ్డు పెట్టాను. కొంచెం కొంచెంగా మొత్తం తిన్నారు.

"బాగుంది" అన్నారు. "పోయి పడుకో నాయనా."

ఏలకులు ఎక్కువయ్యాయి ఆ లడ్లలో. సారు మర్యాదకు అన్నారు.

తెల్లవారి నేను వాకిలి ఊడ్చి ముగ్గు గిన్నె తీశాను. సారు అప్పటికే అరుగు మీద ఉన్నారు.

"ఓబులమ్మా, ఈపొద్దు ముగ్గు వద్దు. ఒకటే గీత వెయ్యి. వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకు. ఎక్కడా ఆపొద్దు."

"ఏ కొస నుంచి సారూ?"

"నీ ఇష్టం. నాక్కూడా చెప్పొద్దు. వేసినాక, ఏ కొసకు తేలినావో ఆ పక్కనే పోయి మరుగున కూర్చో."

మా వాకిలికి ఒక కొసన వంటిల్లు. ఇంకో కొసన గుమ్మటం మెట్లు. నేను వంటింటి దగ్గర వంగి, గుమ్మటం మెట్ల దగ్గర లేచాను. నా గీత మొదట ఎంత లావో చివర కూడా అంతే. చేతిలో పొడి తగ్గిందని సన్నబడదు. కొత్త పిడికిలి తీశానని లావెక్కదు. ఎక్కడ పిడికిలి నింపుకున్నానో ఎవరూ చెప్పలేరు. బండల మీద అడుగులు పడవు. వేసి, మెట్ల వెనక కూర్చున్నాను. కొండమీద మాట బాగా వినబడుతుంది.

సారు పిలిచారు. "పద్మనాభం! ఓబులమ్మ ఇప్పుడే ఆ గీత వేసుకుంటా పోయింది. టీ కావాలి. పిలుచుకొని రాప్పా."

చెప్పుల చప్పుడు వంటింటి వైపు పోయింది. "ఓబులమ్మగారూ!" అని లోపల పిలిచాడు. కట్టెల దగ్గర పిలిచాడు. తొట్టి దగ్గర పిలిచాడు. వంటింటి వెనక దిగుడు దారిలో కొంతదూరం పోయి కూడా పిలిచాడు. చాలాసేపటికి తిరిగి వచ్చాడు.

"లేరు సారూ."

"వంటింటికి ఎందుకు పోయినావు?"

"ఓబులమ్మగారు ఎప్పుడూ వంటింటికే కదా సారూ పోయేది."

"ఎప్పుడూ" అన్నారు సారు.

అంతే అన్నారు.

చెప్పుల చప్పుడు ఆగిపోయింది. నేను మెట్టు పక్క నుంచి కొంచెం తొంగి చూశాను. పద్మనాభం గీత పక్కన గొంతుక్కూర్చున్నాడు. వంటింటి కొసను చూశాడు. తల తిప్పి ఇటు కొసను చూశాడు. వేలితో గీతను తాకబోయి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత లేచి, గీత పక్కనే నడుస్తూ, నెమ్మదిగా మెట్ల దాకా వచ్చాడు. మెట్ల వెనక్కి తొంగి చూశాడు.

"ఇక్కడున్నారా" అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

మెట్టు మీద నా పక్కనే కూలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి. "మన బస్సు బండిని దాటిపోయి ఎంతో కాలమైంది" అన్నాడు. "నేను చూసింది సూర్యుడికి ఎదురుగా, దాటేచోట కాదు. పొద్దు గుంకిన పక్కన, దాటిపోయాక."

ఒక్కసారిగా లేచి ప్లేట్ల గదిలోకి పరుగెత్తాడు. ఒక చెప్పు మెట్ల దగ్గరే ఉండిపోయింది.

"ఓబులమ్మా, ఇంక ముగ్గు వేసుకో" అన్నారు సారు అరుగు మీద నుంచి.

ఆ సాయంత్రం గీత తూర్పు కొస పట్టుకుని ఇన్ని రోజుల నడక లెక్కవేసి, దుర్భిణిని అక్కడికి తిప్పాడు. ఆకాశం కడిగినట్టుంది. కానీ ఆ భాగం అప్పటికే బాగా కిందికి దిగింది. రాయి ముందుకంటే మసకబారి ఉంటుంది. వెలుగు ఒక్క చుక్క కూడా పోగొట్టుకునే వీలు లేదు. మూత పెడితే గీత అసలు పడకపోవచ్చు. పెట్టకపోతే పడినా నమ్మడానికి లేదు. మర్నాడు ఏమవుతుందో ఎవరు చూశారు? తూర్పున మళ్ళీ మబ్బు లేస్తోంది.

సారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. గుమ్మటం లోపలికి పోలేదు. ఏం చేయమనీ చెప్పలేదు.

ముప్పాతిక గంటకు నేను రెండు గ్లాసులు తీసుకుని వచ్చాను. ఈసారి పిలవకూడదనుకున్నాను. పిలవలేదు. అరుగు కింద నిలబడ్డాను. టీ మీద మీగడ కట్టడం మొదలైంది.

లోపల మూత పడిన చప్పుడు వినబడింది.

పద్మనాభం బయటికి వచ్చాడు. సారు పక్కన కూర్చుని గ్లాసు అందుకున్నాడు. మొదటి గుక్క గబగబా మింగాడు. సారు తన గ్లాసును నెమ్మదిగా ఊదుకుంటూ తాగుతున్నారు. ఆయన్ను చూసి పద్మనాభం కూడా ఊదుకున్నాడు. గ్లాసు అడుగుదాకా తాగి, నాకు అందించి, పోయి మూత తీశాడు.

మర్నాడు మధ్యాహ్నం ప్లేట్ల గదిలోంచి కేక వినబడలేదు.

పోయి తలుపు దగ్గర నిలబడ్డాను. కిటికీ దగ్గర నేలమీద కూర్చుని ఉన్నాడు. ప్లేటు ఒళ్ళో ఉంది. భూతద్దం నాకిచ్చాడు. పొడుగు ముక్క చాలా సన్నగా, ఉందా లేదా అన్నట్టు. తర్వాత ఖాళీ. తర్వాత పొట్టి ముక్క, తూర్పున.

అదే రోజు రెండో తంతి పోయింది. అందులో మొదటి మాట, నేను ముందు చెప్పిన దిక్కు తప్పు అని. రాసింది అతనే. సారు అడగలేదు.

ఆ రాయి ఎలాంటిదో తర్వాత తెలిసింది. ఇక్కడే చెప్పేస్తాను, చివర చెబితే కథ చెడుతుంది. అది సూర్యుడి మరుగుకు పోయి, చెప్పిన చోటే మళ్ళీ తేలింది. అలా కొన్నిసార్లు పోయి వచ్చాక దానికి నంబరు ఇచ్చారు. ఈ కొస నుంచి ఆ కొసకు ఎద్దులబండి మీద పోతే ఒక పూట పడుతుంది, అంత ఉంటుంది. గుండ్రంగా లేదు, గెనుసుగడ్డలా పొడుగు. పక్కకు తిరిగినప్పుడు వెలుగు పెరిగి, కొస చూపినప్పుడు తగ్గుతుంది, దాన్నిబట్టి తెలుసుకున్నారు. మనం పొద్దుటి సంగటి తిని రాత్రి అన్నానికి కూర్చునేలోపు తన చుట్టూ తాను ఒకసారి తిరుగుతుంది. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేసరికి ఇక్కడ పుట్టిన బిడ్డ బడికి పోతాడు. ఒళ్ళంతా బొగ్గు. పడిన వెలుగంతా మింగేస్తుంది, అందుకే అంత మసక.

పేరు పెట్టిన రోజు సారు నవ్వారు. "బొగ్గుకు మాణిక్యమని పెట్టినావు గదప్పా!"

"మా అక్క కూడా నల్లగానే ఉంటుంది సారూ" అన్నాడు పద్మనాభం.

కానీ అదంతా తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం సంగతి ఒకటి మిగిలింది.

పద్మనాభం ప్లేటును రెండు చేతులతో పట్టుకుని అరుగు దగ్గరికి వచ్చాడు. సారు కంటికి ఇంకా ఆకుపచ్చ గుడ్డే. అడుగుల చప్పుడు విని తల ఎత్తారు. దొరికిందా అని అడగలేదు.

"గీతలో టీ ఎక్కడుంది?"

పద్మనాభం సారు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మందు పూత చెరగకుండా ప్లేటును వెనక్కి తిప్పి, సారు చూపుడువేలు పట్టుకుని గాజు మీద ఆనించాడు.

"ఇక్కడ సారూ."

సారు వేలు కాసేపు అక్కడే ఉంచారు.

"చక్కెర సరిపోయిందా?"

పద్మనాభం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"సరిపోయింది సారూ. అల్లం కొంచెం ఎక్కువైంది."

"అయితే తాగినావు" అన్నారు సారు.

నా టీలో అల్లం ఎప్పుడూ ఎక్కువ కాదు. ఆ పొద్దు మాత్రం నేనేమీ అనలేదు.